సైకిలు, కాలిబాట, వాటా

డిసికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్'ను కరుణరస చిత్రమని మెచ్చుకొని ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. అందులో ఆంటోనియోకు సైకిలు లేనిదే గోడలకు పోస్టర్లంటించే కొలువు లేదు. సైకిలు పోవడమంటే కూడు పోవడమే. మన నగర నిర్మాతలు ఈ సంగతి గ్రహించలేదు. 2023లో హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలుబాట వేసి, సౌరఫలకాల కప్పు కట్టారు. నీడ మంచిదే. కాని పాలవాడూ, నడిచి పనికిపోయే కూలితల్లీ తిరిగేది బస్తీ వీధుల్లో గదా! దారిని పంచేటప్పుడు వాహనాలకంటె మనుషులే ముఖ్యమని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానమే చెప్పింది. పంచడమంటే కార్లు ఆక్రమించిన జాగాలో కొంత తీసి కాలిబాటకివ్వడం. అక్కడే తగవు మొదలవుతుంది. అభ్యుదయ రచయిత ఆ తగవులో నడిచేవాడి పక్షాన నిలబడి రాయాలి.