ఆంగ్లబోధనమున అన్వయమార్గము

పరభాషను బోధించు పద్ధతియొక్క గుణదోషములు దానిని కల్పించినవారి వాదములవలన నిర్ణయింపదగినవి కావు. విద్యార్థి యింట మాటలాడు భాషతో ఆ పద్ధతికి గల పొత్తు ఎట్టిదో చూచి నిర్ణయింపవలెను. పరదేశమున మేలైనదని పేరుగన్న పద్ధతి దివిసీమలోని పాఠశాలలో నిష్ఫలమైనప్పుడు ఉపాధ్యాయుని అలసతయో పిల్లల మందబుద్ధియో కారణమని చెప్పుట తేలిక. ఆ పద్ధతి తెలుగును లెక్కకు తెచ్చుకొన్నదా లేదా యని అడుగుట కష్టము. ఈ రెండవ ప్రశ్నయే యిచ్చట విచార్యము.

ఈ విచారమునకు మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమలతో గూడిన కృష్ణాముఖప్రదేశము మిక్కిలి తగినది. తెలుగునకును ఆంగ్లమునకును సంపర్కము తొలుత కలిగిన తావులలో బందరు ముఖ్యమైనది. 1611లో ఈస్టిండియా సంఘమువారి ‘గ్లోబు’ అను ఓడ యీ రేవునకు వచ్చినది మొదలు ఆంగ్లేయవర్తకులతో వ్యవహరించుటకు దుబాసీలు కావలసివచ్చిరి. వారికి బడి లేదు, వాచకము లేదు, వ్యాకరణము లేదు. బేరము కుదుర్చుట, సరకు లెక్కించుట, పేచీ తీర్చుట అను పనులే వారికి పాఠములు. అట్లు నేర్చిన భాష పనికి చాలినంత మట్టునకే యుండెను. అయినను ఒక సత్యము ఆ దుబాసీలవలన తెలియుచున్నది: చెప్పవలసిన అవసరము ముందును, చెప్పు మాట వెనుకను వచ్చినచో భాష పట్టువడును.

బడిలోని ఆంగ్లబోధనము ఇందుకు విపరీతమైన క్రమమున సాగినది. 1841లో బందరునకు వచ్చిన రాబర్టు నోబిల్ దొర 1843లో ఆంగ్లపాఠశాలను స్థాపించెను. అగ్రవర్ణములవారి బాలురకు ఆంగ్లమూలమున విద్య గరపి, ఆ ద్వారమున క్రైస్తవమతమును బోధించుట ఆయన యుద్దేశము. ఆయన 1865లో బందరునందే మరణించెను. ఆయన పెట్టిన పాఠశాల క్రమముగా ఆయన పేరిటనే కళాశాలయై నిలిచినది. 1857లో చెన్నపురి విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట పరీక్షయే పాఠమునకు ప్రభువయ్యెను. పరీక్షలో అడుగునది వ్రాతయే కాని పలుకు కాదు. కావున వ్యాకరణసూత్రములను వల్లించుట, పాఠ్యభాగమును తెలుగున విప్పి చెప్పుట, తెలుగువాక్యములను ఆంగ్లమున కనువదించుట అను మూడుపనులతో తరగతి నిండినది. దీనికే వ్యాకరణానువాదపద్ధతియని పేరు.

ఈ పద్ధతి సీమనుండి దిగుమతియైన దని చెప్పుట వాడుక. అది సగము మాత్రమే నిజము. ఐరోపాఖండమున లాటిను, గ్రీకు భాషలను బోధించిన తీరు దీనికి మూలమగుట వాస్తవమే. కాని అది తెలుగుదేశమున అంత సులువుగా వేరూనుటకు కారణము వేఱొకటి గలదు. పద్యమును చదివించి, పదములు విడదీసి, ప్రతిపదార్థము చెప్పి, తాత్పర్యముతో ముగించు వ్యాఖ్యానసంప్రదాయము ఇచ్చటి పండితులకు తరతరములుగా నలవడినది. ఆంగ్లపాఠము చెప్పవలసివచ్చిన తెలుగుపంతులు ఆ చట్రములోనే ఆంగ్లవాక్యమును బిగించెను. పాఠమును పంక్తిపంక్తిగా చదువుట, మాటమాటకు తెలుగు చెప్పుట, తుదకు ‘దీని భావమేమనగా’ అని ముగించుట నేటికిని గుడివాడ చుట్టుపట్ల పల్లెబడులలో వినవచ్చు బాణియే. ఇది పరాయి పద్ధతి కాదు; కావ్యపాఠమునకై పుట్టిన మన పద్ధతి, తనకు తగని చోట నిలిచినది.

తగదనుటకు హేతువు భాషాస్వభావముననే కలదు. ‘రాముడు రావణుని చంపెను’ అను వాక్యమును ‘రావణుని రాముడు చంపెను’ అని తిప్పినను, ‘చంపెను రాముడు రావణుని’ అని తిప్పినను అర్థము చెడదు. విభక్తిప్రత్యయము మాటను అంటిపెట్టుకొని యుండి, చంపినవాడెవడో చచ్చినవాడెవడో చెప్పుచునే యుండును. కావున తెలుగునందును సంస్కృతమునందును పదముల అర్థము తెలిసినచో వాక్యార్థము చాలమట్టునకు చేతికందును. ఆంగ్లమున నట్లు కాదు. ‘రామ కిల్డ్ రావణ’ అనుటలో రెండుపేర్లను తారుమారు చేసినచో రావణుడే రాముని చంపినవాడగును. ఆంగ్లమున స్థానమే విభక్తి. ప్రతిపదార్థము స్థానమును చెరిపివేయును. మాటలను దండనుండి తెంపిన పూలవలె విడివిడిగా నిలుపును. పిల్లవానికి మాటలన్నియు తెలియును, వాక్యము మాత్రము తెలియదు. పదియేండ్లు చదివి ఒక్క వాక్యము స్వయముగా కూర్చలేని దుఃస్థితికి బీజ మిచ్చటనే యున్నది.

ఈ దోషమును కనిపెట్టినవారు ఐరోపాలో 19వ శతాబ్ది చివరిపాదమున ప్రత్యక్షపద్ధతిని ప్రతిపాదించిరి. హెన్రీ స్వీట్, ఆటో యెస్పర్సన్ మున్నగు భాషాశాస్త్రజ్ఞులు వ్రాతకంటె పలుకే భాషకు ప్రాణమని చాటిరి. ఈ భావము తెలుగునాట విచిత్రమైన ఫలము నిచ్చెను. 1907 ప్రాంతమున ఉత్తరమండలముల పాఠశాలలకు పరీక్షకుడైన యేట్సు దొర, పిల్లలకు నేర్పు తెలుగునకును జనులు మాటలాడు తెలుగునకును ఇంత యెడమేల యని ప్రశ్నించెను. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్లు ఆ ప్రశ్నను చేపట్టిరి. వ్యావహారికవాదమునకు ఇతరహేతువు లెన్ని యున్నను, పరభాషాబోధనమునుగూర్చి పుట్టిన క్రొత్తచూపు మాతృభాషాబోధనమును కదిలించుట యందొక హేతువు. తెలుగు విషయమై నలువదియేండ్లు వాదములు చెలరేగినవి. ఆంగ్లపాఠమున మాత్రము ప్రతిపదార్థము చెక్కుచెదరలేదు.

ప్రత్యక్షపద్ధతికిని ఇచ్చట కొఱతలు లేకపోలేదు. ఆ పద్ధతిలో తరగతియందు తెలుగు వినబడరాదు. వస్తువును చూపి, చేష్టను చేసి, ఆంగ్లమునకు ఆంగ్లమే అర్థమని బోధింపవలెను. గోడను చూపవచ్చును, నడకను నటింపవచ్చును; కాని ‘ది’ అను చిన్నమాటను ఏ వ్రేలితో చూపగలరు? ఉపాధ్యాయునకు అనర్గళమైన ఆంగ్లము ఉన్నగాని సాగని పద్ధతి యది. అట్టివారు కొఱతయైన చోట నిషేధము మాత్రము మిగులును. తెలుగు పోవును, ఆంగ్లము రాదు, తరగతి మూగవోవును. 1920 తరువాత ఢాకాలో కృషిచేసిన మైకేల్ వెస్టు ఈ చిక్కును గుర్తించి, పలుకునకు ముందు చదువును నిలిపెను. పల్లెబాలునకు ఆంగ్లమున మాటలాడు అవకాశము తక్కువ, చదువుకొను అవసరము ఎక్కువ యని ఆయన వాదము. ద్విభాషాత్వమునుగూర్చి 1926లో వెలువడిన ఆయన గ్రంథము వంగదేశమును ఉద్దేశించినదైనను కృష్ణామండలమునకును చాలమట్టునకు చెల్లును.

స్వాతంత్ర్యానంతరము నిర్మాణపద్ధతి వచ్చినది. వాక్యముల అచ్చులను ఎంచి, తేలికనుండి కఠినమునకు వరుసపెట్టి, ఒక్కొక్క అచ్చును పలుమారు పలికించుట దీని తీరు. 1958లో హైదరాబాదున నెలకొన్న కేంద్రాంగ్లసంస్థ ఉపాధ్యాయులకు ఇట్టి విషయములలో శిక్షణ నిచ్చినది. ఆంగ్లమున స్థానమే ప్రధానమను సత్యమును ఈ పద్ధతి గుర్తించినది. అది దీని గొప్ప గుణము. కాని ఉపాధ్యాయుడు పుస్తకమును చేతబట్టి ‘దిసీజ్ ఎ బుక్’ అని పలికించునపుడు, అది పుస్తకమని యెఱుగనివా డొక్కడును అచ్చట లేడు. చెప్పవలసిన అవసరము లేనిచోట చెప్పించుట చిలుకపలుకే యగును. ఈ లోపమును తీర్చుటకై 1979 మొదలు 1984 వఱకు బెంగుళూరు, చెన్నపురి ప్రాంతముల పాఠశాలలలో ఎన్.ఎస్. ప్రభు నడపిన ప్రయత్నము గణింపదగినది. పటమును చూచి దారి కనుగొనుట, రైళ్ల కాలపట్టికనుండి ప్రయాణమును నిర్ణయించుట వంటి పనులను ఆయన ఆంగ్లమున పెట్టించెను. మనస్సు అర్థముపై నిలిచినపుడు రూపము తనంత తాను పట్టువడునని ఆయన సిద్ధాంతము. ఇది దుబాసీ నేర్చిన దారియే, తరగతిగదిలోనికి వచ్చినది.

ఐనను ఈ పద్ధతులలో దేనికిని తెలుగే ప్రధానవిచార్యము కాలేదు. తెలుగుపిల్లల తప్పులు అడ్డదిడ్డముగా రాలిపడునవి కావు. వానికి నియమము గలదు. తెలుగుమాట అజంతము, కావున ‘బుక్’ అనునది ‘బుక్కు’ అగును, ‘బస్’ అనునది ‘బస్సు’ అగును. పదాదిని సంయుక్తాక్షరము పల్లెనోట నిలువక ‘స్కూలు’ ‘ఇస్కూలు’ అగును. ద్రాక్షతీగకును ద్రాక్షమద్యమునకును ఆంగ్లమున గల రెండువేఱుమాటలు తెలుగులిపిలో ‘వైన్’ అనియే వ్రాయబడును. లిపి చూపని భేదమును చెవి గుర్తింపదు. ‘ఆమె ఉపాధ్యాయిని’ అనునది క్రియలేకయే తెలుగున పూర్ణవాక్యము. కావుననే పిల్లవాడు ‘షీ టీచర్’ అనును. ‘నిన్న వచ్చిన మనిషి’ అనుటలో విశేషణము ముందు, విశేష్యము వెనుక. ఆంగ్లమున ‘ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్డే’ అని క్రమమంతయు తలక్రిందులు. ‘మేము’, ‘మనము’ అను రెంటికి ఆంగ్లమున నొక్కటే మాట. ఈ భేదములను తెలిసిన ఉపాధ్యాయుడు ఏ తప్పు ఎచ్చట రానున్నదో ముందే చెప్పగలడు. తెలియనివాడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటతో సరిపెట్టును.

ఇచ్చట మన వ్యాఖ్యాతల సంపదనుండి మఱియొక సాధనము దొరకుచున్నది. అన్వయము రెండువిధములు. కర్త మొదలుగా క్రియ తుదిగా పదములను వరుసపెట్టుట దండాన్వయము. క్రియను ముందు పట్టుకొని, ఎవడు, దేనిని, ఎప్పుడు, ఎట్టివాడు అని ఆకాంక్షననుసరించి ప్రశ్నించుచు తక్కినపదములను రాబట్టుట ఖండాన్వయము. ఆంగ్లపాఠమునకు ప్రతిపదార్థమును తెచ్చుకొన్న పంతుళ్లు ఖండాన్వయమును అంతగా తెచ్చుకొనలేదు. తేవలసినది అదియే. ‘ది ఫిషర్మెన్ సోల్డ్ ది ఫిష్ బిఫోర్ సన్‌రైజ్’ అను వాక్యమును చేపట్టుదము. ‘సోల్డ్’ అనునది క్రియ. ‘హూ సోల్డ్?’ అని అడిగినచో కర్త వచ్చును. ‘వాట్ డిడ్ దే సెల్?’ అనినచో కర్మ వచ్చును. ‘వెన్ డిడ్ దే సెల్ ఇట్?’ అనినచో కాలము వచ్చును. ప్రతి ప్రత్యుత్తరమున పదమునకు గల స్థానము విద్యార్థికి ప్రత్యక్షమగును. ప్రశ్న మాఱినప్పుడు క్రియారూపము మాఱుటయు చెవినిబడును. తెలుగు నిషిద్ధము కాదు. ఆంగ్లము కల్లయు కాదు.

ఖండాన్వయము ఉన్న వాక్యమును విప్పునే గాని లేని వాక్యమును పుట్టింపదని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము న్యాయమైనదే. దీనికి సమాధానము ప్రశ్నలను పాఠమునుండి లోకమునకు మరల్చుట. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనయు, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చిన ఉప్పెనయు ఈ నేల మఱువరానివి. తుపానుసూచనతో గూడిన పటము నొకదానిని నాగాయలంక పిల్లలముందు పెట్టి, తుపాను ఎచ్చట నున్నది, ఏ దిక్కునకు కదలుచున్నది, ఎప్పుడు తీరము దాటును అని ఆంగ్లమున నడిగినచో, అది కల్పితమైన అవసరము కాదు. ప్రశ్నలు ఖండాన్వయమువి, పని ప్రభు చూపినది, జాగ్రత్త తెలుగువ్యాకరణము నేర్పినది. మూడును కలిసినపుడే పద్ధతి యీ నేలకు పద్ధతి యగును.

అవనిగడ్డ నేడు ఉపాధ్యాయనియామకపరీక్షకు శిక్షణనిచ్చు కేంద్రముగా రాష్ట్రమంతట ప్రసిద్ధము. దూరమండలములనుండి వచ్చిన యువకులు అచ్చట నివసించి రేయింబవళ్లు చదువుదురు. వారి శ్రమ శ్లాఘనీయము. కాని పరీక్షకొఱకు చదువునపుడు పద్ధతుల పేర్లు, వానిని కల్పించినవారి పేర్లు, లక్షణములు నాలుగు సమాధానములలో నొకటి గుర్తించుటకు కంఠస్థములగుచున్నవి. వల్లెవేయుటను ఖండించిన పద్ధతియే వల్లెవేయబడుట కంటె విపరీతమేమి గలదు? ఇందులో అభ్యర్థుల దోషము లేదు. పాఠము చెప్పించి చూడక, పేరుచెప్పించి చూచు పరీక్షదే దోషము. ఈ సీమకు చేరువనే యున్న కూచిపూడిలో నాట్యము నేర్పు గురువు లక్షణములను వల్లింపజేయుటతో తృప్తిపడడు. అడుగు వేయించి, తప్పిన చోట మరల వేయించును.

ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టుటకు 2019 నవంబరులో వెలువడిన ఉత్తరువులను 2020 ఏప్రిలులో ఉన్నతన్యాయస్థానము కొట్టివేయుటయు, పిదప సాగిన వాదోపవాదములును లోకవిదితములు. మాధ్యమ మేదైనను బోధనప్రశ్న తీఱదు. ఆంగ్లమాధ్యమమున చేరిన పిల్లవానికి గణితమును ప్రకృతిశాస్త్రమును గూడ ప్రతిపదార్థముగా చెప్పవలసివచ్చినచో, ఒక్క పాఠమునకు పరిమితమైయుండిన తెగులు అన్ని పాఠములకు ప్రాకును. తెలుగుమాధ్యమమున చదివినవానికి ఆంగ్లము ఒక్క గంటయే యైనను అన్వయపూర్వకముగా దొరకినచో, అతడు నష్టపోయినవాడు కాడు. కాలువగట్టు పల్లెలలోని కూలివారు కడుపు కట్టుకొని పిల్లలను ఆంగ్లమునకై పంపుచున్నారు. వారికి కావలసినది మాధ్యమము పేరు కాదు; తమ పిల్లవాడు నిర్భయముగా కూర్పగలుగు వాక్యము.

ఈ విచారమునుండి తేలిన సిద్ధాంతము చిన్నది. తెలుగుబాలునకు ఆంగ్లము చెప్పువాడు మొదట తెలుగువాక్యపు కట్టుబాటును శాస్త్రముగా నెఱిగియుండవలెను. ఉపాధ్యాయశిక్షణమున ఆంగ్లబోధకునకు తెలుగువ్యాకరణము విధిపాఠము గావలెను. నియామకపరీక్షలో పద్ధతి పేరునకు బదులు పాఠము చెప్పు నేర్పు పరీక్షింపబడవలెను. ఈ రెండును జరుగనంతకాలము క్రొత్తపద్ధతు లెన్ని వచ్చినను, అవి పాతప్రతిపదార్థమునకు పెట్టిన క్రొత్తపేర్లుగానే మిగులును.