వేట లేని వేటకుక్క

కంటిచూపును కాక ముక్కును నమ్ముకుని జంతువును వెంటాడే కుక్కలను సెంట్‌హౌండ్లు అంటారు. వాటిలో గరుకు బొచ్చు, గడ్డం, దవడల కిందికి వేలాడే చెవులు గల బ్రిటన్ జాతి ఆటర్‌హౌండ్, పేరుకు తగ్గట్టే, నదుల్లో చేపలు పట్టి తినే ఆటర్‌ను, అంటే తెలుగువారు నీటికుక్క అని పిలిచే జంతువును వేటాడేందుకు పెంచినది. గోదావరి ముఖద్వారాన కోరింగ మడ అడవుల్లో బతికే నీటికుక్కలకు బంధువైన యూరేషియా జాతి బ్రిటన్ నదుల్లో ఉంటుంది; అది చేపలను కాజేస్తుందన్న కోపంతో దాన్ని వేటాడే కుక్కల మందలను 13వ శతాబ్దంలో జాన్ రాజు నాటికే పోషించేవారు. అయితే నేడు కనిపించే ఆటర్‌హౌండ్ రూపం 19వ శతాబ్దంలో, బ్లడ్‌హౌండ్‌తోనూ ఫ్రాన్సు దేశపు గరుకుబొచ్చు హౌండ్లతోనూ సంకరం జరిగిన మందల నుంచి స్థిరపడింది.

నీటికుక్క రాత్రంతా తిరిగి తెల్లవారేసరికి గట్టు బొరియలోకి చేరుతుంది కనుక, వేటగాళ్లు వేసవి ఉదయాల్లో కుక్కలను నది వెంట నడిపించి, ముందు రాత్రి అది నడిచిన దారిలో మిగిలిన వాసనను పట్టించేవారు. ఈ పాత జాడకు వారు పెట్టుకున్న పేరు డ్రాగ్. జంతువు నీటిలో దిగాక దాని ఒంటి నుంచీ ఊపిరి నుంచీ పైకి తేలి ప్రవాహంతో పాటు కొట్టుకుపోయే వాసనను వాష్ అనేవారు, దాన్ని అందుకోవాలంటే కుక్క ఈదుతూనే, ముక్కును నీటి మీద ఆనించి, చల్లటి ప్రవాహంలో గంటల తరబడి ఎగువకు సాగాలి. వేళ్ల మధ్య పొర, చమురు పట్టిన మెత్తటి లోపలి బొచ్చు, దాని పైన నీటిని ఒంటికి అంటనివ్వని ముతక బొచ్చు, తొందరపడని స్వభావం, జాడ దొరికిన సంగతిని మంద మొత్తానికీ చాటే గంభీరమైన గొంతు, ఇవన్నీ ఆ పని ఇచ్చినవే.

ఆ పని మాత్రం ఒక తరంలోనే అంతరించింది. 1950ల మధ్య నుంచి విత్తనాలకు పట్టించడానికీ గొర్రెలను ముంచి కడగడానికీ వాడిన డీల్డ్రిన్ వంటి క్రిమిసంహారకాలు నదుల్లోకి చేరి నీటికుక్కలను హరించాయి. వాటి సంఖ్య ఎప్పుడు పడిపోయిందో తేల్చడానికి పరిశోధకులకు ఆధారమైనవి వేట మందల సొంత పద్దు పుస్తకాలే కావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. 1978లో ఇంగ్లండ్, వేల్స్‌లలో, ఆ తర్వాత స్కాట్లాండ్‌లోనూ నీటికుక్కకు చట్టరక్షణ లభించింది. కొన్ని మందలు, బొచ్చు కోసం పెంచే ఫారాల నుంచి తప్పించుకుని నదుల పాలైన అమెరికా మింక్ అనే చిన్న జంతువు వేటకు మళ్లాయి, మిగిలినవి చెదిరి ఇళ్లకు చేరాయి. 2011 నాటికి నీటికుక్క ఇంగ్లండులోని ప్రతి కౌంటీలోనూ మళ్లీ కనిపించింది, దాన్ని తరిమిన కుక్క మాత్రం ఏటా 300 కన్నా తక్కువ పిల్లలు నమోదయ్యే దేశీయ జాతులను బ్రిటన్ శునక సంస్థ కెన్నెల్ క్లబ్ చేర్చే, అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో మిగిలింది.

కాబట్టి ఈ కుక్కను ఇంట్లో సాకడమంటే, పనికోసం ఏర్పడిన శరీరాన్ని ఆ పని లేకుండా నిలబెట్టడం. వారానికోసారి పైబొచ్చును చర్మం దాకా దువ్వి చిక్కులు తీయాలి, తరచుగా షాంపూ పట్టిస్తే లోపలి బొచ్చులోని చమురు పోతుంది కనుక ఎండిన బురదను దువ్వెనతో రాల్చడమే మేలు. గడ్డం తాగిన నీటిని దూదిలా పీల్చుకుని ఇంటి నేలంతా ఒలకబోస్తుంది. ఈ తడిని భరించలేనివారు ఈ జాతి జోలికి పోకపోవడమే నయం. వేలాడే చెవి లోపల గాలి ఆడక తేమ నిలిచి ఈస్టు పెరుగుతుంది కనుక ఈత తర్వాత చెవులను ఆరబెట్టాలి. పెద్ద మగ కుక్క భుజం ఎత్తు 69 సెంటీమీటర్ల వరకూ, బరువు 50 కిలోలకు పైగా ఉంటుంది, ఎముకలు నెమ్మదిగా ముదురుతాయి గనుక పిల్లను లావెక్కనివ్వకుండా, మెట్లూ దూకుళ్లూ మితం చేసి పెంచాలి. వాసన దొరికితే పిలుపు వినిపించుకోదు, అందుకే ఎత్తైన కంచె, నడకలో పొడవాటి తాడు తప్పనిసరి. బిస్కెట్లనో గుడ్డనో గడ్డిలో దాచి వెతికిస్తే, దూరపు నడకకన్నా ఎక్కువగా అలసి సంతోషిస్తుంది. ముక్కుకు పని ఇవ్వకుండా కాళ్లకు మాత్రమే వ్యాయామమిచ్చే యజమాని సగం కుక్కనే పెంచుతున్నట్టు.

సంఖ్య తగ్గిన జాతిలో వంశపారంపర్య వ్యాధులు బయటపడడం సహజం. గ్లాంజ్‌మన్ థ్రాంబస్థీనియా అనే లోపమున్న ఆటర్‌హౌండ్లలో, గాయం దగ్గర రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోక రక్తస్రావం ఆగదు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ దోషపూరిత జన్యువు వస్తేనే వ్యాధి కలుగుతుంది, ఒక్కరి నుంచే వచ్చిన కుక్క ఆరోగ్యంగా ఉంటూ దాన్ని మోస్తుంది. డీఎన్ఏ పరీక్షలో ఈ తేడా తెలుస్తుంది. మోసేవాటన్నిటినీ సంతానానికి దూరం పెడితే ఇప్పటికే తక్కువగా ఉన్న జన్యు వైవిధ్యం మరింత తగ్గుతుంది కనుక, వాటిని దోషం లేని జతతో కలిపి, పిల్లలను పరీక్షించి ఎంచుకోవడమే వివేకవంతులైన పెంపకందారుల పద్ధతి, ఆ పరీక్షా పత్రం అడగడానికి కొనేవారు మొహమాటపడనక్కరలేదు.