క్యాష్ బండ్రెన్ కొలతలు

విలియం ఫాక్నర్ ‘యాజ్ ఐ లే డయింగ్’ (1930) గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా డార్ల్ దగ్గరే ఆగిపోతారు. న్యాయమే. 59 అధ్యాయాల్లో 19 అతనివే, కవిత్వమంతా అతనిదే, చివరికి పిచ్చాసుపత్రికి పోయేదీ అతనే. నా కళ్ళు మాత్రం చదివిన ప్రతిసారీ వాళ్ళన్న క్యాష్ మీదికే పోతాయి. క్యాష్ వడ్రంగి.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మిసిసిపీలో ఓ పేద రైతు కుటుంబం. తల్లి ఆడీ తనని పుట్టింటివాళ్ళ పక్కనే, జెఫర్సన్‌లో పూడ్చమని మాట తీసుకుని చనిపోతుంది. మొగుడూ, ఐదుగురు పిల్లలూ శవపేటికని బండికెత్తుతారు. దారిలో వరద. వంతెనలు కొట్టుకుపోయాయి, శవం వాసనేస్తోంది, పైన రాబందులు.

ఆ పేటిక చేసింది క్యాష్. ఆమె బతికుండగానే, ఆమె కిటికీ బయటే. బాడిసె చప్పుడు వింటూ ఆమె పోతుంది. తమ్ముడు జువెల్‌కి ఇది రాక్షసత్వంలా కనిపిస్తుంది. క్యాష్ మాత్రం రెండు పలకలు కలిపి పట్టుకుని, పెట్టె ఎలా రాబోతోందో అమ్మకి చూపిస్తాడు. ఆ మనిషికి ప్రేమ చూపించడానికి ఇంకో దారి తెలియదు. ఆమె పోయాక అతను మనతో మాట్లాడే మొదటి మాటలు కూడా ఏడుపు కాదు, 13 అంశాల జాబితా: అంచులు ఏటవాలుగా ఎందుకు కోశాడు, మేకుకి పట్టెంత దొరుకుతుంది, నీళ్ళు ఎటునుంచి దిగుతాయి. మంచి రచయితని మనం ‘చిత్రిక పట్టాడు’ అని మెచ్చుకుంటాం కదా, ఆ చిత్రిక వడ్రంగిదే. ఇంత దుఃఖాన్ని ఇంత పొడిగా చిత్రిక పట్టిన పేజీ నేను ఇంకోటి చదవలేదు.

డార్ల్ సైనికుడన్న సంగతి చాలామంది గమనించరు. ఫాక్నర్ దాన్ని దాదాపు దాచేశాడు. ఆసుపత్రికి తీసుకుపోతున్న రైల్లో, యుద్ధంలో ఫ్రాన్సులో తెచ్చుకున్న చిన్న దుర్భిణి ఒకటి అతని మాటల్లోకి వస్తుంది. అంతే. ఇంట్లో ఒక్కరూ ఆ యుద్ధం ఊసెత్తరు. ఫాక్నర్ సంగతి దీనికి తిరగేసి: 1918లో కెనడాలో వాయుసేన శిక్షణలో ఉండగానే యుద్ధం ముగిసింది, అయినా ఊళ్ళో యూనిఫాం వేసుకు తిరిగాడు. చూడని యుద్ధం గురించి తను గొప్పలు చెప్పుకున్నాడు. చూసొచ్చినవాడి నోట మాత్రం ఒక్క దుర్భిణి.

శవాన్ని ఆ నరకం నుంచి తప్పించాలని డార్ల్ దారిలో ఒకాయన కొట్టాన్ని తగలబెడతాడు. ఆ కొట్టం ఆసామి దావా వేస్తాడు, లేదా డార్ల్‌ని పిచ్చివాడని అప్పగించాలి. ఇంటివాళ్ళు రెండోది ఎంచుకుంటారు. క్యాష్ ఒప్పుకుంటాడు. తమ్ముడు చేసింది ఒకరకంగా సరైనదేనని అతనికి లోపల అనిపిస్తుంది కూడా. నలుగురూ కలిసి పిచ్చోడు అనేదాకా ఎవడూ పూర్తి పిచ్చోడు కాడన్న సందేహమూ ఉంది. కానీ ఒక మనిషి చెమటోడ్చి కట్టుకున్నదాన్ని కాల్చడం అతని లెక్కకి అందదు. అక్కడ వడ్రంగి గెలుస్తాడు, అన్న ఓడిపోతాడు.

క్యాష్‌ని ఈ నవలకి అంతరాత్మ అనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. పెళ్ళీపెటాకుల్లేని సంసారి అతను. ఇంటి బరువులో అతని వాటా చాలా పెద్దది. అతని గ్రామఫోను డబ్బులు తండ్రి కొట్టేస్తాడు. విరిగిన కాలికి ఇంటివాళ్ళు సిమెంటు పోస్తే, నొప్పేమంత లేదంటాడు. ఇంత ఓర్పున్నవాడు మంచివాడే అయ్యుండాలని మనకి అనిపిస్తుంది. ఆ ఓర్పే డార్ల్ విషయంలో నోరెత్తనివ్వలేదని నాకనిపిస్తుంది. పట్టుకుపోయేటప్పుడు డార్ల్ అన్నవైపే చూస్తాడు. ఎవరు చెప్పకపోయినా నువ్వు ముందే చెప్తావనుకున్నాను అన్నట్టుగా అంటాడు. క్యాష్ దగ్గర, అక్కడైతే నీకు బాగుంటుంది అన్న సమాధానం తప్ప ఇంకేం లేదు. డార్ల్ నవ్వడం మొదలుపెడతాడు.

ఆఖర్న ఇంట్లోకి కొత్త గ్రామఫోను వస్తుంది, సవతితల్లితో పాటు. చలికాలం రాత్రుళ్ళు పాట వింటున్నప్పుడల్లా, డార్ల్ కూడా ఉంటే బాగుండేదని క్యాష్ అనుకుంటాడు. ఆ వెంటనే, ఇదే వాడికి మంచిదని కూడా.