వేడిని తాకి వేగం చెప్పేవాళ్లు

కృష్ణబిలం దగ్గర నుంచి వాయువు ఎంత వేగంగా ఎగిరిపోతోందో ఫొటో చూసి చెప్పలేం. చెప్పేవి వర్ణపటంలోని గుంటలు. 2023లో జపాన్ నింగికి పంపిన క్రిజం ఉపగ్రహంలో ఆ గుంటలను పట్టే ‘రిజాల్వ్’ పరికరానికి ప్రాణం 36 బుల్లి గడులున్న పలక. దాన్ని పరమశూన్యానికి డిగ్రీలో ఇరవయ్యో వంతు దూరం దాకా చల్లబరుస్తారు. ఒక్క ఎక్స్‌రే కణం తగిలినా గడి రవ్వంత వేడెక్కుతుంది. నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూసినట్టు, ఆ వేడిని బట్టే కణం శక్తిని లెక్కగడతారు. దారిలోని ఇనుప అయాన్లు తమకు నచ్చిన శక్తిని మింగేసిన చోట గుంట పడుతుంది. మామూలుగా 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉండాల్సిన గుంట, భారీ కృష్ణబిలం వల్ల వెలిగే పీడీఎస్ 456 అనే క్వేజార్‌లో, విశ్వవ్యాకోచం వాటా తీసేశాక కూడా, 9 దగ్గర ఉంది. గుంట ఎక్కువ శక్తి వైపు జరిగిందంటే వాయువు మనవైపే దూసుకొస్తోంది! పాత పరికరాలకు ఒకే వెడల్పాటి మరకలా కనబడినదాన్ని రిజాల్వ్ విడదీసి చూపింది: కనీసం ఐదు వాయు గుంపులు, వేగం కాంతివేగంలో 20 నుంచి 30 శాతం. పరికరం గొప్పదే. నాకు మాత్రం దానికన్నా ముచ్చటేసేది, ప్రతి గుంటనూ ‘నువ్వు నిజమా, లెక్కల్లో అలజడివా?’ అని నిలదీసే, ఈ వర్ణపటాలను చదివే విశ్లేషకుల అనుమానం.