టామ్ సాయరు అల్లరి

కొంటెపిల్లవాని కథ యనగానే మన గృహస్థులలో ననేకులు సందేహింతురు. దానిని చదివిన బాలుడు పెద్దలను లక్ష్యపెట్టడేమో యని వారి భయము. ఈ భయము క్రొత్తది కాదు. అమెరికా రచయితయగు మార్క్ ట్వేయిను 1876లో ప్రకటించిన ‘టామ్ సాయరు’ను, దాని తోడిదగు ‘హకిల్‌బెరీ ఫిన్’ను 1905లో బ్రూక్లిను గ్రంథాలయమువారు బాలుర గదినుండి తొలగించిరి. నండూరి రామమోహనరావుగారు తెనిగించుటచే నీ కథలు మన యిండ్లలోను ప్రవేశించినవి. కావున నా భయ మెంతవరకు యుక్తమో విచారింతము.

టామ్ మిసిసిపి నదీతీరమునందలి చిన్న యూరిలో, చనిపోయిన తన తల్లికి తోబుట్టువగు పాలీ పెంపకమున నుండు బాలుడు. ఆ యూరి ఆదివారపు బడిలో రెండువేల బైబిలు వాక్యములు వల్లించినవానికి బైబిలు బహుమానము. రెండు వాక్యముల కొక నీలిచీటి. అట్టివి పదింటి కొక యెఱ్ఱచీటి. అవి పదియైన నొక పచ్చచీటి. పచ్చచీటులు పదియైన బహుమానము. టామ్ అన్ని వాక్యములు నేర్వక, గాలము మొదలగువాని నిచ్చి తోడిబాలురవద్ద చీటులు సంపాదించి, న్యాయాధిపతి విచ్చేసిన దినముననే బహుమానము కోరును. క్రీస్తు తొలి శిష్యులిద్దరి పేరులు చెప్పుమనగా, డేవిడు, గోలియతు అనును!

ఇందు మోసగించినవాడు టామ్ ఒక్కడేనా? వానికంత పాండిత్యము లేదని బడి యధికారి యెఱుగును. అయినను, గొప్పవారియెదుట నొక మేధావిని నిలుపవలెనను నాశచే బహుమానమిచ్చెను. మూడువేల వాక్యములు నిజముగా నేకధాటిగా వల్లించిన మఱియొక బాలునికి మతి చెడెనని గ్రంథకర్త యచ్చటనే చెప్పుచున్నాడు. అర్థమెఱుగని వల్లెవేతకు బిరుదులిచ్చు విద్య యెచ్చట నుండునో, అచ్చట టామ్ వంటివాడు పుట్టకమానడు. మన బడులలో మార్కులకై ప్రాకులాడువారు దీనిని చదివి నవ్వుటకంటె సిగ్గుపడుట మేలు.

గ్రంథకర్త యల్లరినెల్ల మెచ్చలేదు. టామ్ చెలికాండ్రతో నదీమధ్యమునందలి ద్వీపమునకు పాఱిపోగా, మునిగి చనిపోయెనని యూరివా రెంచిరి. రాత్రి రహస్యముగా నింటికి వచ్చి, మంచము క్రింద దాగి, పాలీ యేడ్పును విన్నవాడయ్యును ఆమెకు తెలుపక మరలిపోయి, తుదకు తన యంత్యప్రార్థనకే వచ్చి యందఱను విస్మితుల జేసెను. నిజము తెలిసిన పాలీ మందలింపగా, చమత్కారముగా దోచిన యా పని తనకే నీచముగా దోచెను. డంబము నవమానించిన యల్లరికిని, ప్రేమను బాధించిన యల్లరికిని గల భేదమును ఉపదేశము లేకయే బోధించుట యీ గ్రంథమునందలి ముఖ్యగుణము.

ఇక దోషము. బడిపంతులు డాబిన్సు బెత్తమునకు వెఱచిన బాలురు, పరీక్షాప్రదర్శనము నాటి రాత్రి, యటకమీదినుండి త్రాటితో పిల్లిని దింపి యతని విగ్గును లాగించిరి. అతడు నిద్రించునపుడు బోడితలకు ముందే బంగారుపూత పూయబడియుండెను. సభ యంతయు నవ్వినది, మేమును నవ్వితిమి. కాని వైద్యుడు కాగోరి, పేదఱికముచే పల్లెపంతులైనవా డతడని గ్రంథకర్తయే తెలిపియున్నాడు. ఆ రాత్రి తరువాత నతని గతి యేమాయెనని యెవరు నడుగరు. పాలీ దుఃఖమునకు లభించిన దయలో కొంచెమైన నితనికి లభింపలేదు. క్రూరుడగు జో దౌష్ట్యమునకు వాని యిండియను రక్తమే హేతువన్నట్లు వ్రాయుటయు న్యాయము కాదు. దానిని పెద్దలు బాలురకు విప్పి చెప్పవలెను.

ఇట్టి లోపములున్నను, ఈ గ్రంథమును పిల్లలకు దాచుట తగదని మా యభిప్రాయము. బెత్తముచే గౌరవము సంపాదింపజూచు పెద్దలకు మాత్ర మిది కంటగింపు. తక్కినవారు పిల్లలతో గూర్చుండి చదువుదురుగాక. వారు నవ్వినచోట నెవరిని జూచి నవ్విరో యడుగుదురుగాక. డాబిన్సు కథ ముగిసినపుడు, అతడు మరల బడికెట్లు వచ్చియుండునని కూడ నడుగుదురుగాక.