కాయము విడిచిన మంద్రవాద్యము

ఫిడేలు వంశమునకు జ్యేష్ఠమైన డబుల్ బాస్, మనిషిని మించిన యెత్తున నిలిచి, సెకనుకు సుమారు 41 కంపనముల అతిమంద్రమునుండి పలుకు వాద్యమయ్యును, బాకాలును డ్రమ్ములును చెలరేగు జాజ్ మేళములో స్పష్టముగ వినబడుట దుర్లభము. ఆ డొల్లకాయమునెదుట మైకు నుంచి ధ్వనిని హెచ్చింపబోయినచో, స్పీకరునుండి వెలువడిన నాదమే తిరిగి డొల్లలో దూరి కూత పెట్టును. 1930ల నడుమ అమెరికాలో రికెన్‌బాకర్ సంస్థ, కాయమును దాదాపుగ విసర్జించి, దండమునకు తంత్రులు బిగించి, వాని కదలికను విద్యుత్తుగ మార్చు నిలువు బాస్‌ను వెలువరించినది. 1962లో ఆంపెగ్ సంస్థ తెచ్చిన ప్లాస్టిక్ కాయపు ‘బేబీ బాస్’ సల్సా మేళగాండ్రకు ప్రాణమైనది. కాంగా డ్రమ్ముల నడుమ వారు కోరినది తటాలున మ్రోగి అణగిపోవు గంభీరమైన దెబ్బ.

చేతిపనిగ ఇట్టి వాద్యమును నిర్మించువానికి అసలు పరీక్ష కొయ్యపనియందే కలదు. ఒకే వాద్యము కమానుకును, వ్రేలిమీటునకును, తంత్రిని లాగి, వ్రేళ్లు నొక్కు పలకపై కొట్టు ‘స్లాప్’ పద్ధతికిని లొంగవలెను. ఈ మూడింటి కోరికలును పరస్పరవిరుద్ధములు. కమాను ఒక్కొక్క తంత్రిని విడిగ తాకవలెనన్న, వైణికులు గుఱ్ఱమనెడి బ్రిడ్జి తగినంత వంపు తిరిగి యుండవలెను. వంపు చాలకున్న పొరుగు తంత్రియు మూలుగును, మితిమీరిన మీటు వ్రేళ్లకు ఎక్కిదిగు శ్రమ. తంత్రులు పలకకు దగ్గరగ నున్న ఎడమచేయి సుఖపడును గాని, స్లాప్ వాయించువానికి పట్టు చిక్కదు. అందుచేత బ్రిడ్జిలో చిన్న మరలు అమర్చి, తంత్రుల యెత్తును వాదకుని ఇష్టమునకే విడిచిపెట్టుట కలదు.

పలకకు వాడునది మన తునికిచెట్టుకు దాయాదియగు ఎబొనీ. మెట్లు లేని ఆ పలక అడ్డముగ గుండ్రన. నిడివిన మాత్రము కంటికి ఆననంత లోతు. ఆ లోతు లేకున్న కంపించు తంత్రి కొయ్యను తాకి గరగరలాడును. పనివాడు చిత్రిక పట్టి, ఉక్కుబద్ద ఆనించి, క్రిందినుండి చొరబడు వెలుతురును చూచి, తంత్రులు బిగించి, ఒక్కొక్క అర్ధస్వరమును కమానుతో సాగదీసి వినును. గరగర తోచినచోట సుద్దతో గుర్తుపెట్టి, తంత్రులు వదలుచేసి, రేకుతో ఒక పలుచని పొర గీకి, మరల బిగించును. ఈ పనికి తొందర కుదరదు.

కాయము పోయినను దాని గుర్తులు పోరాదు. డబుల్ బాస్ వాదకుడు స్వరస్థానమును కన్నులతో వెదకడు. మెడ కాయముతో కలియు మడమకు చేయి తగిలినంతనే తాను డి స్వరముకడ నున్నాడో, ఈ-ఫ్లాట్ కడ నున్నాడో తెలిసికొనును. కావున తెలిసిన పనివాడు ఆ మడమను అచ్చటనే చెక్కి, ప్రక్కకును మోకాలికిని ఆనుటకు రెక్కల నమర్చును. అట్లు చేయని వాద్యములు ఎంత సొగసుగ నున్నను నా దృష్టిలో అరకొర నిర్మాణములే.

ఇక విద్యుత్తు మాట. బ్రిడ్జిలో ఇమిడ్చిన పీజో స్ఫటికము తంత్రుల ఒత్తిడిని విద్యుత్సంకేతముగ మార్చును. దానిని మిక్కిలి అధిక నిరోధముగల ప్రీఆంప్లిఫయరు అందుకొననిచో, మొదట హరించునది మంద్రమే; ముక్కుతో పలికినట్టి సన్నని ధ్వని మిగులును.

ఈ వాద్యము డబుల్ బాస్‌ను ఎంతవరకు అనుకరించునని విచారించువారు, స్టుట్‌గార్టులో పుట్టిన ఎబర్‌హార్డ్ వెబర్ వాదనమును వినవలెను. ఆయన పైస్థాయిలో ఐదవ తంత్రిని చేర్చి, మేళమునకు అడుగున నుండవలసిన వాద్యముచేత ప్రధానరాగమును పాడించెను. పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, మాండొలిన్ జంటతీగలను విడిచి, ఐదు ఒంటితీగల విద్యుద్వాద్యమును చేపట్టి, గమకములకు వలసిన దీర్ఘనాదమును సాధించినదియు ఇట్టి మార్గముననే. ఆయనకు మెట్లు అడ్డమై యుండెను. బాస్‌పై ఆ అడ్డును లేదు. వెబర్ స్వరముల ఊగులాటయు జారుడును మన చెవికి పరాయిగ తోచకుండుటకు ఇది కారణము కాబోలు.