రిమ్ము ఒప్పుకుంటేనే లావు టైరు

హైదరాబాద్ పుత్లీబౌలిలో బైకు సామాన్ల దుకాణాల వైపు వెళ్తే ఒక ప్రశ్న తరచూ చెవిన పడుతుంది: "అన్నా, వెనక లావు టైరు పడతదా?" అడిగేది ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లు. బండి ఏ పాత పల్సర్ 150యో అయి ఉంటుంది. వెనక 100/90-17 టైరు ఉంటుంది. వాళ్ల కన్ను మాత్రం 140 మీద.

ఈ మోజుకు ఊపు తెచ్చింది 2008లో వచ్చిన యమహా ఎఫ్‌జెడ్16. వెనక 140/60 టైరు! 150 సీసీ తరగతిలో అంత లావు టైరు మన రోడ్లకు కొత్త. వెనక నుంచి చూసినవాళ్ల మనసులో ఆ బండి రూపం అలాగే ఉండిపోయింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, బండి అందం మీద ఇష్టం మంచిదే. అయితే యమహా ఆ టైరుకు తగిన రిమ్మూ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మూ పెట్టి మరీ బండిని తయారు చేసింది.

ముందు టైరు పక్కనుండే అంకెలు చదవాలి. 100/90-17లో 100 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. టైరు గోడ ఎత్తు అందులో 90 శాతం. 17 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. లెక్కేస్తే చక్రం మొత్తం ఎత్తు 612 మి.మీ. వస్తుంది. అదే 140/60-17కు 600. పెద్దదని వేయించుకున్న టైరు ఎత్తులో చిన్నదన్నమాట! 120/80-17 అయితే 624కు పెరుగుతుంది.

అసలు చిక్కు రిమ్ము దగ్గర. 100/90 టైరుకు రెండున్నర అంగుళాల వెడల్పు రిమ్ము సరిపోతుంది. 140కి టైరు కంపెనీల పట్టికలు మూడున్నరకు తగ్గని రిమ్ము అడుగుతాయి. సన్న రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి లాక్కుపోయి, నడినెత్తి ఉబ్బుతుంది. అలాంటి టైరును కొన్ని నెలలు తిరిగాక ఒంగి చూడాలి. మధ్యలో గాడులు నున్నగా అరిగిపోయి ఉంటాయి. రెండు పక్కలా మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సన్నటి రబ్బరు వెంట్రుకలు ఇంకా నిలబడే ఉంటాయి. డబ్బు పోసి కొన్న ఆ వెడల్పు రోడ్డును తాకనే లేదు.

పట్టు పెరగలేదు సరికదా, బరువు పెరిగింది. పికప్ మందగిస్తుంది, మైలేజీ తగ్గుతుంది, మలుపులో బండి ఉన్నట్టుండి వాలుతుంది.

100 నుంచి 140కి వెళ్లి వెడల్పు నలభై మి.మీ. పెరిగితే రెండు పక్కలా ఇరవై చొప్పున చోటు కావాలి. ఒక పక్క చైన్, పైన మడ్‌గార్డ్. స్టాండు వేసి చేత్తో తిప్పి "తగలట్లేదు" అని పంపేయడం చాలాచోట్ల ఆనవాయితీ. అది చాలదు. ఇద్దరు కూర్చుని స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు స్వింగార్మ్ పైకి లేస్తుంది, వదులైన చైన్ ఊగుతుంది. రాపిడి మొదలయ్యేది అక్కడ.

బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండ్లకు మరో జాగ్రత్త. రెండు చక్రాలకూ సెన్సర్లున్న బండిలో ఆ యంత్రం ముందు, వెనక చక్రాల వేగాలను పోల్చి చూసుకుంటుంది. టైరు ఎత్తు బాగా మారితే ఆ పోలిక తప్పుతుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ 2021లో క్లాసిక్ 350కి వెనక 120/80-18 ఇచ్చినప్పుడు చాసిస్ కూడా కొత్తదే. కంపెనీ చేసిన ఆ పని పంక్చర్ షాపులో అరగంటలో జరిగేది కాదు. చట్టమూ ఉంది: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దు గీసింది. తయారీదారు నమూనాకు విరుద్ధంగా మార్పులు కూడవని 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది.

మరి లావు టైరు అడిగే ఆ కుర్రాళ్లకు దారేమిటి? అలాయ్ చక్రం మీదే రిమ్ము వెడల్పు పోత పోసి ఉంటుంది. మట్టి తుడిచి ఆ అంకె చదవాలి. అది రెండున్నర అయితే 110/80-17 దానికి కుదురుతుంది. ఎత్తు 608, అంటే పాతదానికి నాలుగు మి.మీ. తేడా మాత్రమే. బరువు మోసే సూచీ పాత టైరు కన్నా తగ్గకుండా చూసుకుని, చైన్ బిగించి, మనిషిని వెనక కూర్చోబెట్టి మరీ ఖాళీ కొలిచి ఇచ్చే ఫిట్టర్ దగ్గరికే బండి తీసుకెళ్లాలి.